శుక్రవారం చేపల బల్ల

ఎనిడ్ టాస్కర్ పుట్టు పిరికిది. ఇంగ్లండ్‌లోని రేవు ఊరు గ్రిమ్స్‌బీలో చేపల పడవల మీదికెళ్లిన వాళ్ల ఇళ్లల్లో పెరిగిన పిల్లలకి గాలి చప్పుడంటేనే భయం, ఆమెకి అది పెద్దయ్యాకా వదల్లేదు. లాయరై తల నెరిశాక కూడా తలుపు గడియ వేసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి చూసుకుని వచ్చేది.

అలాంటి మనిషికి ఆఫీసులో అందరికంటే గుండె ధైర్యం కావలసిన కుర్చీ దొరికింది. లాయర్లు కానివాళ్లు కూడా లాయర్ల సంస్థల్ని కొనుక్కోవచ్చని చట్టం మారాక, ఆమె పనిచేసే ఆఫీసు యజమాని, ముసలి లాయరు పెల్, దాన్ని కార్ల గ్యారేజీ యజమాని లెన్ సోవర్బీకి అమ్మేసి తోటపని చూసుకోవడానికి వెళ్లిపోయాడు. లైసెన్సు ఇచ్చేవాళ్లు ఒక షరతు పెట్టారు. ఆఫీసులో తప్పు జరిగితే, అది యజమాని తప్పయినా సరే, తమకి వచ్చి చెప్పే మనిషి ఒకరు లోపలే ఉండాలన్నారు. ఆ పనికి ఎవరూ ఒప్పుకోలేదు.

"ఎనిడ్‌కిద్దాం. అది నిప్పు లేకుండానే పొగ చూస్తుంది" అన్నాడు లెన్. అందరూ నవ్వారు, ఎనిడ్ కూడా నవ్వింది. లెన్ ఆమె వీధివాడే, చిన్నప్పుడు ఆమె చేత గోడ దూకించాలని చూసి విసిగిపోయినవాడు.

లెన్ చెడ్డవాడని ఎవరూ అనలేరు. శుక్రవారం మధ్యాహ్నం అందరికీ వేడి వేడి హాడాక్ చేపలు, బంగాళాదుంప వేపుడు కాగితాల్లో పొట్లాలు కట్టించి తెచ్చి, వాళ్లతోపాటే బల్ల దగ్గర కూర్చుని తినేవాడు. తింటూ తింటూ ఎవరి కేసు ఎంతవరకొచ్చిందో అడిగేవాడు. యజమాని అయినా సరే, క్లయింట్ చెప్పుకున్న మాట అతని చెవిన పడకూడదు. ఆ సంగతి ఎనిడ్‌కి తెలుసు. చేప పెడుతున్న మనిషిని నోరు మూసుకోమని ఎలా అంటుంది? ప్రతి శుక్రవారం అనబోయి, ఆ మాటని చేపతోపాటే మింగేసేది.

ఆ శుక్రవారం బల్ల మీద పొట్లాలు విప్పుతుండగా చిన్న లాయరు జోడీ వచ్చి ఎనిడ్‌ని వరండాలోకి లాగింది.

"పొద్దున గెడ్ హార్ప్ వచ్చాడు. చేపల వ్యాను గోడకి గుద్దుకుని కాలు విరిగిందే, ఆయన. బ్రేకులు పడలేదట. అంతకు ముందే బాగుచేయించాడట."

"ఎక్కడ?"

జోడీ కళ్లతోనే లోపలికి చూపించింది. బాగుచేసింది లెన్ గ్యారేజీలోనే.

ఇద్దరూ లోపలికొచ్చేసరికి లెన్ వెనిగర్ సీసా ఊపుతున్నాడు.

"అమ్మాయ్ జోడీ, గుద్దుకున్నాక తెచ్చి పడేసిన ఆ గెడ్ వ్యాను నా యార్డులో చోటంతా తినేస్తోంది. పొద్దున అతను మీ దగ్గరికొచ్చాడటగా, దానితో మీ పని అయిపోయినట్టే కదా? భోజనాలయ్యాక తుక్కు లారీ వస్తోంది, ఎత్తించేస్తున్నా."

ఎనిడ్ గబగబా లెక్కలు కట్టుకుంది. వ్యాను తుక్కయితే బ్రేకుల సాక్ష్యం పోతుంది, దానితోపాటే కుంటివాడైన గెడ్ కేసూ పోతుంది. ఎత్తించొద్దంటే ఎందుకని అడుగుతాడు, చెబితే క్లయింట్ రహస్యం బయటపడుతుంది. ఊరుకుందామంటే గోడ మీది గడియారం ఊరుకోవడం లేదు. ఆమె ఫోను పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది.

గెడ్ చాలాసేపటికి గాని తీయలేదు.

"మిస్టర్ హార్ప్, మీ కేసు మేం చూడకూడదు. ఆ గ్యారేజీ, ఈ ఆఫీసు ఒకరివే."

గెడ్ గొంతు ఒక్కసారిగా లేచింది.

"అంటే ఇంతసేపూ ఆయన ఆఫీసులోనే కూర్చుని ఆయన మీదే చెప్పుకున్నానా? బోర్డు మీద రాసుకోవడానికి చేతులు పడిపోయాయా మీకు?"

రాసే ఉంది, చిన్న అక్షరాల్లో. ఎనిడ్ ఆ సంగతి ఎత్తలేదు. ఊళ్లో తనకి నమ్మకమున్న ఒకే ఒక్క లాయరు, మార్కెట్ వీధిలో ఉండే బర్నబీ పేరు చెప్పి, వెంటనే వెళ్లమంది.

"మీ వ్యానుని ఇప్పుడే తుక్కు లారీకి ఎత్తించబోతున్నాడు. అది కదలకూడదని ఒక్క మాట లెన్‌కి చెప్పనివ్వండి. ఇంకేం చెప్పను."

"చెప్పు. తర్వాత నీ మొహం నాకు చూపించకు."

ఆమె తిరిగొచ్చింది. లెన్ ఎదురుగా నిలబడింది.

"లెన్, ఆ వ్యాను కదలకూడదు. ఎందుకో అడక్కు."

"నా యార్డులో తుక్కు గురించి నాకే చెప్తున్నావా? ఏమైంది నీకు, ఎండ్రకాయేమైనా కరిచిందా?" అని లెన్ నవ్వాడు. బల్ల చుట్టూ ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

"అది కదిలిందంటే ఇవాళే లైసెన్సు వాళ్లకి నీ మీద చెప్తాను. ఆఫీసు మూతపడినా సరే. నాకు చాలా భయంగా ఉంది లెన్, అయినా చెప్తాను."

లెన్ ఆమె మొహంలోకి చూశాడు. చిన్నప్పటి నుంచీ ఆ భయం అతనికి తెలుసు గాని, అది తన మీదికి రావడం ఎప్పుడూ చూడలేదు. ఫోను తీసి యార్డుకి చేశాడు. "ఆ చేపల వ్యాను జోలికెవరూ వెళ్లకండి. లారీని వెనక్కి పంపేయండి" అన్నాడు. ఫోను పెట్టేస్తుంటే సంగతి తట్టింది కాబోలు, మొహంలో రక్తం దిగిపోయింది.

"బ్రేకులా? ఎనిడ్, ఆ రోజు మెకానిక్ రాలేదు. నేనే కూర్చుని..."

"ఆపు!" ఎనిడ్ అరిచింది. ఆ ఆఫీసులో ఆమె గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు. "ఇంకొక్క ముక్క మాట్లాడకు. నువ్వేం చెప్పినా, విన్నానని రేపు నేను చెప్పాల్సొస్తుంది."

"మరి ఎవరికి చెప్పుకోను? నాకు లాయరు కావాలా?"

"కావాలి."

లెన్ బల్ల చుట్టూ చూశాడు. జీతాలు ఇచ్చి పోషిస్తున్న లాయర్లందరూ చల్లారుతున్న చేపల వైపు చూస్తున్నారు.

"మాలో ఎవరూ కాకూడదు, లెన్" అంది ఎనిడ్. ఏడుపొచ్చింది ఆమెకి. గెడ్ రహస్యం విన్న ఆఫీసు అతని ఎదుటివాడి పక్షాన నిలబడకూడదు.

అతను కోటు తొడుక్కోబోతే చెయ్యి దాని స్లీవులోకి దూరలేదు. జోడీ లేచి సాయం పట్టింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు.

"ఊళ్లో మంచివాడెవరో నీకు తెలుసుంటుంది. ఒక్క పేరు చెప్పవే, నాకు భయంగా ఉంది."

ఎనిడ్‌కి తెలిసిన పేరు ఒక్కటే. అది అప్పటికే గెడ్‌కి ఇచ్చేసింది.

"చెప్పలేను" అంది.