మందిరానికి మోసుకెళ్లిన కుర్చీ

నెలకొకసారి ఈ టేకు కుర్చీకి వేపనూనె రాస్తాను. ఆ చేదు వాసన గది నిండగానే నంద్యాలలో మేము అద్దెకున్న రెండు గదులూ, నాపరాళ్ల కప్పు కింద ఉడికిపోయిన ఎండాకాలాలూ, జొన్న సంగటి పక్కన అవ్వ నూరి వేసే చెనిగ్గింజల ఊరుబిండీ, ప్రార్థన ముగిసేదాకా కంచం ముట్టుకోనివ్వని ఆమె చూపూ వరసగా వచ్చి నిలబడతాయి.

ఆళ్లగడ్డ పక్క పల్లెలో మాది పెద్ద ఇల్లు. తాత బాప్తిస్మం తీసుకున్నాక అయినవాళ్లు మా గడప తొక్కడం మానేశారు; కోర్టు వ్యాజ్యాల్లో చేలు దాయాదుల పాలయ్యాయి. తాత పోయాక మేము నంద్యాలకు బండికెత్తుకొచ్చిన పెద్ద సామాను ఈ కుర్చీ ఒక్కటే. ఆదివారం నాయన దాన్ని భుజాన వేసుకుని ప్రార్థన మందిరానికి నడిచేవాడు. అందరూ ఈతచాపల మీద కూర్చుంటే ఆయన గోడవారన కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. అది తప్పని మాకు తోచలేదు. మా ఇంటివాళ్లు నేల మీద కూర్చోరు, అంతే.

సంక్రాంతి వెళ్లగానే అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరి పల్లకిలో పల్లె పల్లెకూ వస్తాడు. మా పల్లెలో తొలి మర్యాద తరతరాలుగా మా ఇంటిది. స్వామి ముందు పూజారులు మా ఇంటి పెద్ద తలకు పట్టుబట్ట కట్టేవారు; తాత బాప్తిస్మంతో అది ఆగిపోయింది. రాజధాని కర్నూలు నుంచి తరలిపోయిన మరుసటి ఏడు, పారువేటకు ముందు, మా మేనమామ బస్సు దిగి మా అద్దె ఇంటికి వచ్చాడు. ఉగ్గాని తింటూ సంగతి ఎత్తాడు.

"బావా, ఊరికే వచ్చి నిలబడు. బట్ట కట్టించుకో. మొక్కమని ఎవురంటాండారు? చెరువు కింద చేను మీకు ఇడిచేదానికి మీ దాయాదులు ఒప్పుకున్న్యారు."

నాయన చెయ్యి మెల్లగా తల మీదికి పోయింది. అమ్మ పొయ్యి ఊదడం ఆపేసింది.

"ఏం నాయనా, తలకాయ అప్పుడే బట్ట అడుగుతాందా?" అంది అవ్వ.

మామ నవ్వాడు. "ఏందత్తా, ఏసును ఇడ్సమన్న్యానా నేను?"

"ఇడుస్తామని ఎవురూ పోరప్పా. చేను కోసరం ఒక అడుగు, బట్ట కోసరం ఒక అడుగు. మొక్కేటోళ్లకు ఆ సామి సామే. మొక్కనోడు ఆ బట్ట కట్టుకుంటే ఆ సామికీ మోసమే, మా ఏసయ్యకూ మోసమే."

నాయన చెయ్యి దించాడు. "రానులేప్పా. ఆ మర్యాద ఇంకొకరికి ఇప్పీండి."

దక్కబోయిన చేను పోయింది. ఆ ఆదివారం నాయన అలవాటుగా కుర్చీ ఎత్తుకోబోతే అవ్వ గడపకు అడ్డం నిలబడింది.

"ఆడ బట్ట వద్దంటివి. ఈడ ఇదేంది మల్ల?"

నాయన ముఖం కందిపోయింది. కుర్చీ దించేసి ఉత్త చేతులతో నడిచాడు. మందిరంలో చాప మీద, బేతంచెర్లలో బండలు కొట్టే దేవదానం పక్కన కూర్చున్నాడు. వెన్ను మాత్రం అప్పుడూ వంగలేదు.

ఆ ఈతచాపలు ఇప్పుడు లేవు. అందరికీ ప్లాస్టిక్ కుర్చీలు. ముందు వరసలో పెద్దింటివాళ్లకు మెత్తలు వేసిన కుర్చీలు. మా ఇంటిపేరు చెప్పి నన్ను అక్కడికి పిలుస్తారు. పోను. మోకాళ్ల నొప్పులున్నాయని మనవరాలు కసురుకుంటున్నా, ఇంటి నుంచి చుట్టి తీసుకెళ్లిన చాప పరుచుకుని నిటారుగా కూర్చుంటాను.