పడ్డ తూటాకు పసుపు గీత

నేల మీద పడ్డ తూటా కనిపిస్తే ఎలిసియో బరేలా చేతులు ఊరుకోవు. జేబులోంచి పసుపు రంగు పిచికారీ డబ్బా తీసి, గలగలా ఊపి, తూటా చుట్టూ సున్నా చుడితే గాని ఆయనకు ఊపిరాడదు. నలభై ఏళ్ళు న్యూమెక్సికో ఎడారిలో రైలు పట్టాలు తనిఖీ చేసిన మనిషి. బోల్టు ఊడి కనిపిస్తే రంగు వేసి, ఎందుకు ఊడిందో తేల్చి మరీ కదిలేవాడు. ఉద్యోగం దిగిపోయాక పట్టాలు దూరమయ్యాయి. డబ్బా మాత్రం చేతిలో ఉండిపోయింది.

ఆ డబ్బా ఇప్పుడు డెమింగ్ ఊరి బయట, నెలకు రెండు శనివారాలు జరిగే తుపాకీ పోటీల్లో మోగుతోంది. షాట్‌గన్‌లో పట్టేవి ఎనిమిది తూటాలు, పడగొట్టాల్సిన ఇనప పలకలు పదహారు. మధ్యలో గడియారం పరిగెడుతుండగానే నడుముకున్న బెల్టులోంచి నాలుగేసి తూటాలు గుప్పిట్లోకి లాగి, రెండు రెండుగా బొటనవేలితో గన్ పొట్టలోకి తోయాలి. చెయ్యి తిరిగినవాళ్ళు నాలుగు సెకన్లలో ఎనిమిదీ తోసేస్తారు. తిరగనివాళ్ళ తూటాలు నేలకు దిగుతాయి. ఒకరి వంతు అయిపోయి, గన్ ఖాళీ అని చూపించి పక్కన పెట్టగానే, మిగతావాళ్ళంతా వెళ్ళి పలకలు మళ్ళీ నిలబెట్టాలి. అది అక్కడి మర్యాద. ఎలిసియో ఆ మర్యాద ఏనాడూ పాటించిన పాపాన పోలేదు. అందరూ ఎండలో పలకలు మోస్తుంటే ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నేలకు నాడి చూస్తుంటాడు.

"పెద్దాయనా, ఇంకా పదకొండుమంది ఉన్నారు," అంటాడు గడియారం పట్టే డ్వేన్, పళ్ళ మధ్య నుంచి.

"ఉండనీ. ఎందుకు పడిందో తెలీకుండా ఎత్తితే రేపు మళ్ళీ పడుతుంది."

"అది నేల. చేతిలోంచి వదిలేస్తే ఏదైనా దాని మీదే పడుతుంది."

"ఎక్కడ పడిందో చూడు నాయనా. గన్ కిందనే పడితే బొటనవేలు సగంలో ఆగినట్టు. మణికట్టు మీదికి ఎగిరొస్తే, లోపల గొళ్ళెం పట్టకముందే వేలు తీసేసినట్టు. ఎడమ బూటు దగ్గర పడితే అసలు బెల్టులోంచి లాగడమే సరిగ్గా లేనట్టు."

"ఈ ఎండకు నేను పడితే?"

"నీ చుట్టూ కూడా గీస్తా. ఒక్క డబ్బా చాలదు."

ఈ జబ్బు మైదానం దాటి కూడా పాకింది. మనవరాలి పెళ్ళిలో, సరిగ్గా వేలికి తొడిగే వేళ ఉంగరం జారి దొర్లింది. పెళ్ళికొడుకు వంగబోతుంటే ముందు వరసలోంచి కేక వినబడింది: "ఎవరూ కదలొద్దు." తర్వాత గలగల. ఎర్ర తివాచీ మీది ఆ పసుపు సున్నాను కప్పడానికి ఫాదర్ ఈనాటికీ అక్కడో పూలకుండీ పెట్టుకుని కాలం వెళ్ళదీస్తున్నాడు.

అందరికంటే ఎక్కువగా విసిగిపోయింది ఓరాలియా. ఆమె బడి బస్సు నడుపుతుంది. అరవైమంది పిల్లల్ని అద్దంలో ఒక్క చూపుతో కూర్చోబెట్టగలదు గాని, ఎనిమిది తూటాలు ఆమె మాట వినవు. రెండేళ్ళుగా ప్రతి పోటీలో రెండో మూడో జారతాయి, ప్రతిసారీ ముసలాయన వచ్చి ఆమె కాళ్ళ దగ్గర బైఠాయిస్తాడు. ఆమె ఎడమ బూటు ముక్కు శాశ్వతంగా పసుపుపచ్చగా మారిపోయింది. బస్సెక్కే పిల్లలు అది కొత్త ఫ్యాషనేమో అనుకున్నారు.

వారమంతా ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని మోసే ఆమెకు తనదంటూ ఉన్న ఆట ఇదొక్కటే. అందులోనూ పరువు దక్కడం లేదు. ఒకరోజు విసుగు తలకెక్కి మరిది చూయ్‌తో అనేసింది: "వచ్చే నెల పెద్ద పోటీలో ఒక్క తూటా జారినా సరే, ఈ గన్ నీకిచ్చేస్తా."

చూయ్ ఆ గన్ మీద ఏడాదిగా కన్నేసి ఉన్నాడు. "మాట మీద నిలబడాలి వదినా. సంచి తెచ్చుకుంటా."

పెద్ద పోటీకి రెండు వారాల ముందు జరిగిన మామూలు పోటీలో ఆమెకు ఏకంగా ఐదు జారాయి. డబ్బా మోగింది. ఎలిసియో ఐదు సున్నాలు చుట్టి, చెంప నేలకు ఆనించి, ఆ వరస వెంబడి ఒంటికన్నుతో చాలాసేపు చూశాడు. లేచి మోకాళ్ళు దులుపుకుని, అందరూ వింటుండగా అడిగాడు.

"అమ్మాయ్, మీ మంచం ఎంత ఎత్తు?"

చూయ్ నోటి దాకా వెళ్ళిన పచ్చిమిరప బరీటో అక్కడే ఆగింది. డ్వేన్ దూరంగా ఉన్న కొండల్ని మొదటిసారి చూస్తున్నట్టు అటు తిరిగాడు.

"నా మంచంతో మీకేం పని బాబాయ్?"

"మోకాలి దాకా వస్తుందా, తొడ దాకానా?"

"బాబాయ్, పెద్దవారని ఊరుకుంటున్నా."

"ఇంట్లో ఉత్తుత్తి తూటాలతో సాధన చేస్తావు కదా. మంచం ముందు నిలబడేనా?"

ఆమె సాధన చేసేది అక్కడే, మంచం ముందే. జారినవి పరుపు మీద పడతాయి, సోఫా కింద దూరి వెతుక్కోనక్కర్లేదు. అక్కడ సగంమంది చేసే పనే అది.

"మంచానికి తొడలానించి ముందుకు వాలతావు. ఒంటికి అదే అలవాటైంది. ఇక్కడ మంచం లేదు, అయినా వాలుతున్నావు. నువ్వు వాలితే నడుం దగ్గర బెల్టు వాలుతుంది, తూటాలు నీ చేతికి వేలెడు దూరం జరుగుతాయి. చూడు, ఐదూ ఎడమ బూటుకు జానెడు ముందర పడ్డాయి."

"రెండేళ్ళ నుంచి నా కాళ్ళ దగ్గరే ఉన్నారుగా. ఇప్పుడా చెప్పేది?"

"రెండూ మూడూ పడితే వరస తెలీదమ్మా. ఇవాళ ఐదు పడేశావు, చాలా సాయం చేశావు."

ఆమె ఎవరికీ చెప్పకుండా తన ట్రక్కెక్కి వెళ్ళిపోయింది. ఆ కోపంలోనే మర్నాటి నుంచి, బస్సు తీయకముందు, ఇంటి ముందు సిమెంటు నేల మీద నిటారుగా నిలబడి సాధన మొదలుపెట్టింది. జారినవన్నీ ట్రక్కు కిందికి దొర్లిపోయేవి. ఆమె పాక్కుంటూ వెళ్ళి తెచ్చుకునేది, ప్రతి తూటాకూ ముసలాయన్ని ఒక తిట్టు చొప్పున తిట్టుకుంటూ. పదో రోజుకు తిట్లు తగ్గాయి.

పెద్ద పోటీ నాడు గాలి లేదు. ఎడారి గాజుపలకలా కదలకుండా ఉంది. కంచె అవతల చూయ్ ఖాళీ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గడియారం కూత వేసింది. ఎనిమిది పలకలు కూలాయి, గన్ ఖాళీ అయింది. ఆమె చెయ్యి నడుముకు వెళ్ళింది. నాలుగు వచ్చాయి. రెండు, టక్. రెండు, టక్. మళ్ళీ నాలుగు. వెన్ను వాలలేదు. లోపలి గొళ్ళెం చివరి తూటాను పట్టుకున్న చప్పుడు ఆమెకు వాన మొదటి చినుకులా వినిపించింది.

అంతా అయ్యాక కిందికి చూసింది. నేల ఖాళీగా ఉంది. చూయ్ సంచిని నాలుగు మడతలు పెట్టి దాని మీద కూర్చున్నాడు.

ఎలిసియో డబ్బా పట్టుకుని వచ్చి చుట్టూ వెతికాడు. "ఏమీ లేవా?"

"ఏమీ లేవు బాబాయ్."

"ప్చ్," అన్నాడాయన, వడ్డించిన విస్తరి లాగేసినట్టు మొహం పెట్టి.

ఆమె తర్వాతి వంతు లెస్టర్‌ది. మందుల దుకాణంలో పనిచేసే పొడుగాటి మనిషి, అదే మొదటి పోటీ. చెయ్యి వేసీ వేయగానే అతని బెల్టు కట్టే ఊడింది. పదకొండు తూటాలు పూసలు తెగినట్టు నలువైపులా దొర్లాయి. ఎలాగో ముగించి, గన్ పక్కన పెట్టి నిలబడ్డాడు. మొహం ఎండిన మిరపకాయలా ఉంది. చూపు గేటు వైపే ఉంది.

గలగల.

"అయ్యో దేవుడా," అన్నాడు డ్వేన్. "పదకొండూ గీస్తాడిప్పుడు."

"పెద్దాయనా, మేం ఇళ్ళకు వెళ్ళాలి," అంది వెనక నుంచి ఒక గొంతు.

"ఆ డబ్బా దాచేవాడెవడూ లేడా?"

పలక ఎత్తబోతున్న ఓరాలియా కూడా ఒక మాట విసురుదామని వెనక్కి తిరిగింది. తన కాళ్ళ దగ్గర సున్నాలు పడని రోజున ఆమె ఈ తతంగాన్ని చూడటం అదే మొదటిసారి. చూస్తే, ఇరవైమందీ ముసలాయన్నే తిడుతున్నారు. ముసలాయన్నే చూస్తున్నారు. లెస్టర్ వైపు ఒక్క కన్నూ లేదు. అతను ముక్కు తుడుచుకున్నా, నీళ్ళు తాగినా, నాలుగుసార్లు ఊపిరి పీల్చుకున్నా గమనించేవాళ్ళే లేరు.

తన మొదటి పోటీ గుర్తు తెచ్చుకోబోయింది. ఆ రోజు ఎన్ని జారాయో గుర్తు లేదు. సిగ్గుపడ్డట్టు కూడా గుర్తు లేదు. ముసలాయన మీద మండిపడ్డం ఒక్కటే గుర్తుంది.

ఎలిసియో పదకొండు సున్నాలు ముగించాడు. లెస్టర్ భుజాల వైపు ఓరగా చూశాడు. అవి ఇంకా ఎగసెగసి పడుతున్నాయి. ఆయన మళ్ళీ వంగి, ఒక సీసా మూత చుట్టూ శ్రద్ధగా గీశాడు. తర్వాత ఒక గులకరాయి చుట్టూ.

"పెద్దాయనా, అది రాయి," అన్నాడు డ్వేన్, ఏడవలేక.

ఓరాలియా పలక కింద పెట్టి వచ్చి, నడుం మీద చేతులు వేసుకుని నేలంతా పరికించింది.

"తొందరపడకు డ్వేన్," అంది. "బాబాయ్, ఇటు రండి. ఇక్కడ ఇంకో రాయి ఉంది."