ఉలవలు పరిచిన రోడ్డు

ఆ రోజుల్లో నేను కరీంనగర్ నుంచి సుల్తానాబాద్‌కు బస్సు నడిపేవాణ్ణి. పాతికేళ్ల వయసు, చేతిలో బస్సు, కళ్లు నెత్తికెక్కి ఉండేవి. జోరు తగ్గించమని లోపల కూర్చున్నవాళ్లు రోజూ గొణిగేవారు. నేను వినేవాణ్ణి కాను.

నా జోరును మెచ్చుకున్నది దారిలోని ఒక ఊరి ఆడవాళ్లే. ఉలవలు చేతికొచ్చే రోజుల్లో, పీకి ఎండబెట్టిన మొక్కల్ని తారు రోడ్డు మీద పరిచేవారు. మా చక్రాల కింద నలిగి గింజ రాలేది. మెల్లగా పోతే వాళ్లకు కోపం. వాళ్లలో పెద్దది ఒక ముసలవ్వ. నన్ను చూడగానే కొంగు ఊపేది.

"జర జోరుగ పో కొడుకా, గింజ రాలాలె."

నిజానికి గింజ రాలేది బస్సు బరువుకు, వేగానికి కాదు. ఆ ముక్క చెప్పే తెలివి నాకెక్కడిది? పొగిడితే పొంగిపోయి ఇంకాస్త తొక్కేవాణ్ణి.

ఒకనాడు పొద్దున అట్లాగే వస్తున్నాను. ముందు పోయిన లారీ మొక్కల్ని చెదరగొట్టినట్టుంది, ముసలవ్వ రోడ్డు మధ్యన వంగి సర్దుతోంది. గట్టిగా బ్రేకు తొక్కాను. ఎండు మొక్కల మీద చక్రాలు పట్టు దొరక్క జారాయి. బస్సు ఆగేసరికి ఆమె కింద పడి ఉంది. ప్రాణం ఉందని తెలిశాక అక్కడే కూలబడి ఏడ్చాను.

అదే బస్సులో దవాఖానకు తెచ్చాం. కాలు విరిగింది. పోలీసు జమేదారు వచ్చి, బస్సు ఎంత జోరు మీద వచ్చిందని ఆమెను అడిగాడు. నా ఉద్యోగం పోతుంది, జైలు కూడా తప్పదనుకున్నాను. ఆమె ఒకసారి నా వైపు చూసింది.

"మెల్లగనే వచ్చిండు సారూ. నేనే చూస్కోలే."

జమేదారు వెళ్లాక అడిగాను. "ఎందుకట్ల చెప్పినవవ్వా?"

"జోరుగ పొమ్మన్నది నేనే గద కొడుకా."

తప్పు నాదేనని ఎంత చెప్పినా వినలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మరుసటి ఏడు మళ్లీ రోడ్డు మీద ఉలవలు పరిచారు. ముసలవ్వ చేతికర్రతో రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది. నేను మొదటి గేరులో, మనిషి నడిచినంత మెల్లగా వచ్చాను. పడుచువాళ్లు నవ్వారు.

"గిట్ల పోతే గింజ రాల్తదా?"

"రాల్తది తియ్," అంది ముసలవ్వ. "జూడుండ్రి, మెల్లగనే వస్తుండు."

ఈసారి ఆమె అబద్ధమాడలేదు.