ఫైళ్లు ముందే చేరాయా?

ఆ స్కానింగ్ సెంటర్లో కంప్యూటర్ల బాగోగులు చూసే ఆపరేటరుకు ‘అనుమానాలయ్య’ అని బిరుదు ప్రదానం చేసింది సాక్షాత్తూ అతని భార్యే. వేసిన తాళం తనను మోసం చేసిందేమోనని వెనక్కి వచ్చి మరీ లాగి చూస్తాడు. గోడ గడియారం సరైన టైము చూపిస్తే, ఎందుకు చూపిస్తోందా అని ఆలోచనలో పడతాడు.

అంతటి మహానుభావుడికి ఉద్యోగ గండం వచ్చిపడింది. డాక్టరమ్మ రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని స్కాన్ తెరిస్తే, అది డిస్కులోంచి పాకుతూ వచ్చేది. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఈ పని బయటి కంపెనీకి అప్పగిస్తానని ఆవిడ తేల్చి చెప్పేసింది.

ప్రోగ్రాములు రాసే బామ్మర్ది వచ్చి ఉపాయం చేశాడు. మర్నాడు పొద్దున రాబోయే రోగుల ఫైళ్లను సెంటరు తలుపులు తీయకముందే డిస్కులోంచి మెమరీలోకి తెచ్చిపెట్టమని ఆపరేటింగ్ సిస్టానికి ఒక్క ఆదేశం. అడిగేసరికి అవి చేతికందేలా ఉంటాయి. ఆదేశం పంపాడో లేదో, రెప్పపాటులో ‘సరే’ అని జవాబు వచ్చింది.

“అంత బరువు అప్పుడే మోసేసిందా? మనింటికి రంగులేసిన మేస్త్రీలా ఉందే,” అన్నాడు అనుమానాలయ్య.

“మోసేశాననలేదు బావా, విన్నానంది. వెనకాల చదువుకుంటూ పోతుంది. మెమరీలో చోటు చాలకపోతే మాత్రం కొన్ని బయటికి పోతాయి. నువ్వు వేలు పెట్టకు.”

వేలు పెట్టొద్దన్న చోటే ఏదో ఉంటుందని అతని జీవితానుభవం.

మర్నాడు పొద్దున్నే వచ్చి ఆ పూట ఫైళ్లు తెరిచాడు. టకటకా వచ్చాయి. మరొకడైతే టీకి వెళ్లేవాడు. ఇతనికి మాత్రం, డిస్కే ఇవాళ హుషారుగా ఉందేమోనన్న శంక పుట్టింది. ఆదేశంలో లేని పాత స్కాన్ ఒకటి తెరిచాడు. పాకింది. ప్రాణం లేచొచ్చింది. అయినా ఒక్క సాక్షి చాలదు కదా. పాతవాటిని వరసబెట్టి తెరుస్తూ పోయాడు. అవన్నీ మెమరీలో మకాం పెట్టి, ఆ పూటవాటిని చడీచప్పుడు లేకుండా బయటికి నెట్టేశాయి.

డాక్టరమ్మ వచ్చింది. మొదటి రోగి స్కాన్ రాక, తెర మీద చక్రం తిరుగుతూ తిరుగుతూ ఉండిపోయింది. ఆవిడ ఫోను అందుకుంది.

“బావా, ఏమైనా తెరిచావా?” అని గొణిగాడు, చూడవచ్చిన బామ్మర్ది.

“సరిచూశానంతే.”

“ఎన్ని?”

అనుమానాలయ్య ఆ ఫోను వైపు చూశాడు. కంపెనీవాళ్లు ఎత్తేలోపు నోరు విప్పాడు. “మేడమ్, ఉపాయం మంచిదే. చెడగొట్టింది నేను.”

ఆవిడ ఫోను దించింది. బామ్మర్ది మళ్లీ ఆదేశం పంపాడు. రెండో రోగి స్కాన్ ఠక్కున వచ్చింది. ఉద్యోగం నిలిచింది, ఒక్క షరతు మీద: రోగులందరూ వెళ్లేదాకా అతను ఆ గదిలో కాలు పెట్టకూడదు.

ఇప్పుడు ఉదయాలు బయట బెంచీ మీద కూర్చుంటున్నాడు. లోపలికెళ్లిన వాళ్లు చకచకా వచ్చేస్తుంటే మొహం చిట్లించి, ఒకరిని పక్కకు పిలిచి అడిగాడు.

“ఆవిడ అసలు స్కాన్ చూసిందంటారా?”