నువర ఎలియాలో నీలం ఊలు

మొన్న ముసురులో తడిసి వచ్చిన మనవరాలు తన స్వెటర్‌ను కుర్చీ మీద ఆరేసి పోయింది. తడి ఊలు వాసన గదంతా పరుచుకుంటే, చేతిలోని పేపరు పక్కన పెట్టాను.

యాకుత్‌పురాలో మా ఇంటికి చలికాలమంతా అదే వాసన. సీతాఫలాలు పోయి రేగుపళ్లు వచ్చే రోజుల్లో అమ్మ పాత స్వెటర్లు విప్పి, ఊలు ఉతికి దండెం మీద ఆరేసేది. గల్లీలో మేం గచ్చకాయలు ఆడుతుంటే, వాకిట్లో కూర్చుని పొయ్యి మీది పాల మీద ఒక కన్నేసి, సైకిలు పుల్లలు అరగదీసి చేయించుకున్న సూదులతో అల్లుతూనే ఉండేది.

"అందరికీ అల్లినవ్ బేటీ, నీకెప్పుడు?" అని పక్కింటి ఖాలా ఒకరోజు కొత్త నీలం ఊలు తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. అమ్మ తనకోసం అల్లుకోవడం మొదలుపెట్టింది అప్పుడే.

బాపుది చాయపత్తి దుకాణం. ఇరవై ఏళ్లుగా సింహళం పెట్టెలు విప్పి అమ్మిన మనిషి, చాయ చెట్టు మాత్రం చూడలేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఆ చలికాలం, "ఒక్కపాలి చూసొద్దాం" అని అమ్మకీ, అన్నకీ, నాకూ కూడా టికెట్లు తెచ్చాడు. సకినాల డబ్బా, సద్దరొట్టెలు, చింతకాయ తొక్కు కట్టి, ట్రంకులో మా స్వెటర్లు సర్దింది అమ్మ. నాది ఎర్రది, మెడ దగ్గర గుచ్చేది. రైలెక్కే రోజు ఎవరూ చూడకుండా దాన్ని తీసి బియ్యం గుమ్మిలో కుక్కేశాను.

ధనుష్కోడిలో ఓడ ఎక్కి సముద్రం దాటాం. కొలంబోలో ట్రాములు, పసుప్పచ్చ కొబ్బరి బోండాలు, మా గల్లీ కన్నా పొడుగైన ఓడలు. అమ్మ అన్నీ చూసింది కానీ సూదులు ఆగలేదు. నీలం స్వెటర్ వీపు అయిపోయి ముందు భాగం సగానికొచ్చింది. "ఇంటికి పోయేలోపల తొడుక్కుంట" అంది.

కొండల మీది నువర ఎలియా చేరేసరికి సన్నటి వాన, ఎముకలు కొరికే చలి. ఆదివారం, బజారు మూసి ఉంది. మరునాడు పొద్దున్నే తిరుగు రైలు. బసలో అమ్మ ట్రంకును రెండుసార్లు అడుగుదాకా వెతికింది. నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"బియ్యం గుమ్మిల దాచిన," అన్నాను.

బాపు చేయెత్తాడు. అమ్మ అడ్డమొచ్చింది.

"గింత దూరమొచ్చి లొల్లెందుకు? పెద్దోన్ని తీస్కొని మీరు తోట చూసి రాండ్రి. దీనికి జరం గిట్ల వస్తే ఎట్ల?"

"మరి నువ్వు?"

"నాకు పనున్నది."

వాళ్లు వెళ్లాక నన్ను కంబళిలో చుట్టి మంచం మీద కూర్చోబెట్టి, సూదులు లాగేసి, నీలం అల్లిక కొస పట్టి గుంజింది. వారాల పని బుర్రున విడిపోయి ఆమె ఒళ్లో పడింది. ఏడ్చింది నేనే.

"ఏడ్వకు. ఇటు తిరుగు, కొలత చూస్త."

రెండు పోగులు కలిపి, చేతుల్లేని స్వెటర్‌ను తొందరతొందరగా అల్లింది. సూదులు ఆడుతున్నా చూపు మాత్రం కిటికీ మీదే. సాయంత్రం బాపు ఒక చాయ రెమ్మ పట్టుకొచ్చి, "మన గోరింట చెట్టంతే ఉన్నది," అన్నాడు. అప్పటికి నేను నీలం స్వెటర్ తొడుక్కుని ఉన్నాను. ఆయన చూసి, రెమ్మను అమ్మ పక్కన పెట్టాడు.

ఇల్లు చేరాక ఖాలా వచ్చి, "ఏమేం చూసినవ్ బేటీ? ఊలు గిట్ల పిల్లకు పెట్టినవేంది?" అంది.

"సముద్రం చూసిన. కొలంబో చూసిన. కొండల మీద ఒక కిటికీ చూసిన," అంది అమ్మ. "ఊలు పిల్లకే మంచిగున్నది."

బియ్యం గుమ్మి సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు.

ధనుష్కోడి రైలుదారిని ఆ తర్వాత తుపాను మింగింది. బాపు దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. ఆ నలుగురిలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆ కిటికీలోంచి ఏం కనిపించేదో ఎవరైనా అడిగితే చెప్పలేను. ఆ పగలంతా నేను అమ్మ చేతులనే చూస్తూ కూర్చున్నాను.