అక్క మాట, రాక్షసబల్లి నోట

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒకటి రెండు వాక్యాలు. కానీ దాని పేరు మీద నాకు శాలువా కప్పారు, దండ వేశారు, మైకిచ్చి మాట్లాడమన్నారు. మాట్లాడాను కూడా. బాగా మాట్లాడాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఆ ధైర్యంతోనే ఇవాళ మీకు చెప్పుకుంటున్నాను.

నాది రాయలసీమలో, తనకల్లు దగ్గర ఒక పల్లె. హైదరాబాదులో డబ్బింగ్ సినిమాలకు మాటలు రాస్తాను. తెర మీద బొమ్మ నోరు ఎప్పుడు తెరుస్తుందో, ఎప్పుడు మూస్తుందో చూసి, దానికి అతికే తెలుగు మాట వెతకడం నా పని. ఈ పనిలో నేను దిట్టని. వినయం నటించడం నాకు చేతకాదు.

ఆరేళ్ళ కిందట చిన్నపిల్లల బొమ్మల సినిమా ఒకటి నా చేతికి వచ్చింది. డైనోసార్ల కథ. ఒక పిల్ల డైనోసార్, ఇంకా పొదగని తమ్ముడి గుడ్డును దొర్లించుకుంటూ తల్లిని వెతుక్కుంటూ పోతుంటుంది. దారిలో గుడ్లు తినే పెద్దది ఒకటి కాపు కాస్తుంది. దాని నోరు నన్ను మూడు రోజులు ఏడిపించింది. ప్రతి మాట చివరా బారెడు తెరిచి పెడుతుంది. "ఎక్కడికి వెళ్తున్నావు" అని రాస్తే మాట ముందే అయిపోయేది, నోరు అలాగే తెరుచుకుని ఉండేది. నాలుగో రోజు మా అక్క గుర్తొచ్చింది.

అక్క నాకన్నా పదకొండేళ్ళు పెద్ద. అమ్మా నాయనా బెంగళూరు కూలికి పోయిన ఏళ్ళలో నన్ను సాకింది తనే. ఇప్పుడు బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీల అంగడి నడుపుతోంది. రోడ్డు అవతలి దాకా వినిపించే గొంతు. చిన్నప్పుడు నేను బడి నుంచి ఆలస్యంగా వస్తే వాకిట్లోనే పట్టుకునేది. "యాడ తిరుగుతాండావు ఇంతసేపు? నీ కోసరమే వాకిలి పట్టుకోని నిలబడుకోనుండా." వినేవాళ్ళకు తిట్టులాగే ఉంటుంది. నాకు మాత్రం ఆ మాట వినపడిందంటే లోపల వేడి సంగటి ఉన్నట్టే.

ఆ మాటనే, అక్షరం మార్చకుండా, గుహ వాకిలి లోపల నిలబడ్డ ఆ గుడ్లు తినేదాని నోట్లో పెట్టాను. చివర దీర్ఘం తీస్తే నోరు తెరిచినంత సేపూ మాట ఉంది. గుడ్డు దొర్లించుకుంటూ పిల్ల లోపలికి వస్తుంది, చీకట్లోంచి ఆ గొంతు వినిపిస్తుంది. స్టూడియోలో అందరికీ ముందు ఒళ్ళు జలదరించింది, వెంటనే నవ్వొచ్చింది. నా చేతి మీదుగా పోయిన మాటల్లో అంత బాగా పడ్డది ఇంకొకటి లేదు. ఇప్పటికీ లేదు. ఆ గర్వం పోదు, దాన్ని పోగొట్టుకోవాలని నేను ప్రయత్నించిందీ లేదు. సినిమాలో మిగతా అందరిదీ పుస్తకాల తెలుగు. మా మాట ఆ ఒక్కదానికే.

కదిరిలో సినిమా ఆడినప్పుడు నేనూ ఊరికి పోయాను. అక్క ఆ రోజు అంగడి మూసేసింది. ఐదేళ్ళ మనవరాలినీ వీధిలో పిల్లల్నీ ఆటోలో ఎక్కించుకుంది. తమ్ముడు మాటలు రాసిన సినిమా అని టికెట్లు చింపే మనిషికి కూడా చెప్పింది. ఆ పెద్దది మొదటిసారి నోరు తెరవగానే హాలంతా ఈలలు. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ పది నిమిషాలు నేను బతికినంత గొప్పగా ఎప్పుడూ బతకలేదు. తర్వాత గుహ సీను వచ్చింది. అక్క నా చెయ్యి వదిలేసింది.

బయటికొచ్చి ఆటో ఎక్కుతుంటే పాప ఓ మూలకు జరిగి కూర్చుంది.

"దా మే, నా పక్కన కూర్చో," అంది అక్క.

"అవ్వా, నువ్వు మాట్లాడొద్దు. దాని మాదిరే ఉండాది," అంది పాప.

అక్క ఆటో ఎక్కకుండా నా వైపు తిరిగింది. "ఆ మాట నాది గదా?"

"అవునక్కా."

"గుడ్లు తినేదానికి పెట్టినావే. ఆ తల్లికి పెట్టింటే ఏమయ్యేది?"

తల్లి నోరూ పెద్దదే. అంతే బారుగా తెరుస్తుంది. నెలరోజులు ఆ సినిమాతో కూర్చున్న నాకు ఆ ఆలోచన ఒక్కసారి కూడా ఎందుకు రాలేదు?

"నేను కాదక్కా," అన్నాను. "చెడ్డదానికే పెట్టల్ల అని వాళ్ళు పట్టుబట్టినారు. నేను వద్దనే అన్నా."

"కొట్లాడినావా?"

"కొట్లాడినా."

"అయితే సరేలే," అని అక్క ఆటో ఎక్కింది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ అక్క అంగడికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది, తమ్ముడు మన మాట కోసం సినిమావాళ్ళతో కొట్లాడాడని. ఏడాది తిరిగేసరికి ఆ కొట్లాట పెరిగి పెద్దదైంది. నేను పని వదులుకోవడానికి కూడా సిద్ధపడ్డానట. ఊళ్ళో యువకుల సంఘం వాళ్ళు పిలిచి సన్మానం చేశారు. అక్క కొత్త చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. మన యాసను ఎగతాళి చేసేవాళ్ళ మీద నేను అరగంట మాట్లాడాను. మాట్లాడుతున్నంతసేపూ నమ్మాను కూడా. ఇంత సిగ్గులేని మనిషినా నేను? చెప్పిన ప్రతి మాటా నిజమే, చెప్పే అర్హతే నాకు లేదు.

ఈ మధ్య పాప చదివే బడికి పోయి, అక్కడి ఫోన్ నుంచి అక్క నాకు చేసింది. పక్కన టీచర్లు ఉన్నట్టున్నారు. "ఇక్కడికి వచ్చాను, పాప మార్కులు చూశాను," అంది. చిన్న గొంతుతో, పుస్తకాల తెలుగులో, ఒక్కో మాటా ఏరుకుంటూ. ఎవరో పరాయి మనిషనుకుని "ఎవరండీ?" అని అడిగాను. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

మీకింకా పూర్తిగా చెప్పలేదు. స్టూడియోలో కొట్లాట జరిగిన మాట నిజమే. గొంతులు చూసుకునే మేడం ఒకావిడ ఉండేది, కోస్తా ఆవిడ. చిన్నపిల్లల సినిమా, ఆ ప్రాంతం వాళ్ళు బాధపడతారు, చెడ్డదానికి ఆ యాస వద్దు అంది. రెండుసార్లు అంది. మాది ఆ ఊరే, ఎవరూ ఏమీ అనుకోరు అన్నాను. మూడోసారి అన్నప్పుడు గొంతు పెంచి ఆవిడ నోరు మూయించాను. మా మాట కోసం కొట్లాడిన మనిషి ఒకరున్నారు, అది ఆవిడ.

ఎందుకు చేశాను? నోటికి అతికిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. ఆ యాస వింటే జనం భయపడతారని, ఆ వెంటనే నవ్వుతారని నాకు బాగా తెలుసు. తెలిసే అమ్ముకున్నాను. నాదని ఇంత గర్వపడే ఆ మాట కూడా నాది కాదు, అక్కది. దాన్ని ఎవరి నోట పెట్టాలన్నది మాత్రమే నాది.

అక్కకు ఎప్పుడు చెబుతానో తెలియదు. చెబుతానో లేదో కూడా తెలియదు. మీకు చెప్పినంత మాత్రాన తప్పు తగ్గదు. కానీ ఆరేళ్ళలో మొదటిసారి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయగలుగుతున్నాను, ఊపిరి కాస్త ఆడుతోంది.

ఎవరూ పట్టుబట్టలేదక్కా. నేనే పెట్టినా.