సారు మన మొఖాలు చూసేవాడు

రాజవ్వా, దగ్గు తగ్గిందా? లచ్చక్కా, మీ ఇంట్లో జ్వరాలు నెమ్మదించాయా? ఇక్కడ సూరత్‌లో మేము బాగానే ఉన్నాం, ఈ కరోనా గుబులే పోవడం లేదు.

నిన్న మనవరాలి ఫోన్లో క్లాసు చూస్తుంటే మన బడి గుర్తొచ్చింది. తడి పలకల వాసన, గోడ పక్కనే మగ్గాల మోత. ఆ మోతలో మాట వినబడదని సారు ఒక్కో ముక్క చెప్పి, ఆగి, మన మొఖాలు చూసేవాడు కదా. తనిఖీకొచ్చిన పెద్దసారు, "మాటిమాటికి ఎందుకయ్యా ఆగుతున్నవ్?" అని అడిగితే నన్ను చూపించాడు.

"ఆ పోరి మొఖం ఇంకా సమజ్ కాలేదంటుంది సారూ."

మీరంతా నవ్వారు. నాకొచ్చిన నాలుగు అక్షరాలూ అట్లా వచ్చినవే.

ఈ టీచరమ్మకు పిల్లల మొఖాలు కనబడవు, ఫోన్ తెర మీద అన్నీ నల్ల గళ్ళే. "సమజ్ మే ఆయా?" అనగానే మా పిల్ల బొటనవేలి బొమ్మ నొక్కింది.

"నిజంగ సమజైందా బిడ్డా?"

"లేదు నానమ్మా. అందరు నొక్కుతున్నరని నొక్కిన."

నెలల నుంచీ ఇదే వరసట. పిల్ల చదువు ఏమైపోతుందోనని కొడుకుతో టీచరమ్మకు ఫోన్ చేయించాను. పిల్లను ఒకసారి తీసుకురమ్మంది.

"మాస్కుంటే నా మొఖమెట్ల కనబడ్తది?" అంటోంది పిల్ల.

కళ్ళయినా కనబడతాయన్నాను. ఎవరికీ దగ్గు రాకుంటే, ఈ ఆదివారం పొద్దున ఈ ఊళ్ళోనే ఆల్థాన్‌లో టీచరమ్మ బిల్డింగు గేటు దగ్గరికి వెళ్తున్నాం.